పాత ఇటాలియన్ కార్ల పుట్టుపూర్వోత్తరాలు: ఛాసిస్ నంబరు చెప్పేది ఎంత, దాచేది ఎంత?

అందరికీ నమస్కారం.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఆర్టీఏ ఏజెంటు చేసే ఒక పని గుర్తుండే ఉంటుంది. బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు ఉన్న చోట గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతాడు. అంకెలు కాగితం మీద తేలతాయి. ఆర్సీలో ఉన్న నంబరూ ఇదీ ఒకటేనా కాదా? అంతే ప్రశ్న. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఒక 1962 ఫెరారీ 250 జీటీఓ వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన 330 కోట్ల రూపాయల పైమాటే. దానికైనా మొదట అడిగేది ఇదే ప్రశ్న. జవాబు కోసం తిరగాల్సిన ఆఫీసులే ఎక్కువ.

నంబరు దగ్గరే మొదలుపెడదాం. ఆ రోజుల్లో ఫెరారీ ఫ్యాక్టరీ రోడ్డు మీద తిరిగే కార్లకు బేసి సంఖ్యలు, రేసు కార్లకు సరి సంఖ్యలు వేసేది. జీటీఓ పుట్టిందే రేసుల కోసం. అయినా దానిది బేసి సంఖ్యే, ఎందుకంటే అది జీటీ తరగతిలో, అంటే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల తరగతిలో, పోటీ చేయాలి. ఆ తరగతిలో చేరాలంటే నూరు కార్లు తయారుచేయాలని నిబంధన. ఫెరారీ 1962 నుంచి 1964 దాకా తయారుచేసినవి 36. కొత్త మోడల్ కాదు, పాత 250 జీటీకే మెరుగులు దిద్దామని చెప్పి అనుమతి సంపాదించారు. జీటీఓల నంబర్లు వరుసగా ఉండవు, మధ్యలో వందల సంఖ్యల ఖాళీలు ఉంటాయి. అదే వరుసలో మామూలు రోడ్డు ఫెరారీలకు కూడా నంబర్లు పడుతుండేవి కాబట్టి. ఆ ఖాళీ చూసి "ఇక్కడో జీటీఓ దాక్కుని ఉంది" అని ఆశపడే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటిదేమీ లేదు.

ఛాసిస్ ఒక్కటే కాదు, ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు, వెనక యాక్సిల్‌కు వేరే నంబర్లుంటాయి. బాడీ ఎక్కువగా మోడెనాలోని స్కాలియెట్టి వర్క్‌షాపులో తయారయ్యేది. అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి చేసిన పని. అందుకే ఏ రెండు కార్లూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఇది చరిత్ర రాసేవాళ్లకు వరం. మొదట్లో వచ్చిన జీటీఓల వెనక స్పాయిలర్, అంటే గాలిని అదుపుచేసే అంచు, బోల్టులతో బిగించిన విడి ముక్క, తర్వాతి వాటిలో అది బాడీలోనే కలిసిపోయింది. ముందు మడ్‌గార్డుల మీద గాలి పోయే చీలికలు కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. పాత రేసు ఫోటో ఒకటి దొరికితే, భూతద్దం పెట్టి ఈ చీలికలూ రివెట్లూ లెక్కపెట్టడంతోనే సగం రోజు గడిచిపోతుంది.

ఇక కాగితాలు. ఇటలీలో 1927 నుంచి బండ్ల యాజమాన్యాన్ని నమోదు చేసే ఒక రిజిస్టరు ఉంది, పబ్లికో రెజిస్ట్రో ఆటోమొబిలిస్టికో అంటారు. నంబరు ప్లేటు తెలిస్తే, ఏ రోజు ఎవరి పేరు మీదికి మారిందో, ఎప్పుడు విదేశానికి పోయిందో వరుసగా బయటికి తీయవచ్చు. పాత ప్లేటు మీద జిల్లా గుర్తు కూడా ఉండేది. ఎంఓ అంటే మోడెనా, బీఓ అంటే బొలోన్యా. మన ఏపీ 16 చూడగానే విజయవాడ బండి అన్నట్టే.

మిల్లె మిలియా రేసు ఫోటోలైతే ఇంకా గొప్ప ఆధారం. బ్రెషియా నుంచి రోమ్ వెళ్లి తిరిగి బ్రెషియాకు, దాదాపు వెయ్యి మైళ్లు, మామూలు రోడ్ల మీద. యుద్ధం తర్వాతి ఏళ్లలో కారు మీద రాసే నంబరే అది బయల్దేరిన టైము. 1955లో స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ మీద 722 ఉంటుంది, ఉదయం 7 గంటల 22 నిమిషాలకు బయల్దేరింది కాబట్టి. 1957లో ఆల్ఫోన్సో డి పోర్టాగో ఫెరారీ మీద 531. ఆ కారు గ్విడిజ్జోలో ఊరి దగ్గర టైరు పేలి జనం మీదికి దూసుకెళ్లింది. పోర్టాగో, పక్కన కూర్చున్న నావిగేటరు, పిల్లలతో సహా తొమ్మిది మంది ప్రేక్షకులు చనిపోయారు. వేగం పోటీగా మిల్లె మిలియా ఆ ఏడాదితోనే ఆగిపోయింది. ఫోటోలో ఆ మూడంకెలు కనిపిస్తే చాలు, ఎంట్రీల జాబితాలో డ్రైవరు ఎవరో, కారు ఏదో తేలిపోతుంది.

తేలిపోతుందని అన్నాను కానీ, ఇక్కడో చిక్కుంది. రేసు కారును సరిహద్దు దాటించాలంటే కార్నే అనే కస్టమ్స్ పుస్తకం కావాలి. అందులో ఛాసిస్ నంబరు రాసి ఉంటుంది. రేపు జర్మనీలో రేసు, కార్నే ఉన్న కారేమో గుద్దుకుని వర్క్‌షాపులో పడి ఉంది. అప్పుడేం చేసేవారు? సిద్ధంగా ఉన్న వేరే కారు మీద ఆ నంబరు కొట్టి పంపించేవారు. మసెరాటి 250ఎఫ్ రేసు కార్ల చరిత్ర చిక్కుముడి కావడానికి ఇదో పెద్ద కారణం. ఎవరినో మోసం చేద్దామని కాదు, శుక్రవారం ప్రాక్టీసుకు అందాలి కదా! ఆ మెకానిక్కులకు ఆ కారు ఒక పనిముట్టు. అరవై ఏళ్ల తర్వాత కోట్లు పోసి దాన్ని కొంటారని వాళ్లకెవరు చెప్పారు?

నా ఉద్దేశంలో, ఈ కార్లు చవగ్గా ఉన్న రోజుల్లో పుట్టిన కాగితాలనే ఎక్కువ నమ్మాలి. రేటు పెరిగాక పుట్టిన కాగితం ఎంత నున్నగా ఉంటే అంత అనుమానించాలి. 3589 నంబరు జీటీఓ సంగతి చూడండి. ఇంగ్లండులో రేసులు చేసి, అమెరికాలో టెక్సస్ టీము చేతికి వెళ్లింది. రేసులకు పాతబడిపోయాక వాళ్లు దాన్ని విక్టోరియా అనే ఊళ్లో హైస్కూలుకు ఇచ్చేశారు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి! 1972లో బడి దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. తర్వాత చాలా ఏళ్లు ఒహాయోలో ఒక పొలంలో ట్రెయిలర్ మీద ఎండకు ఎండి వానకు తడిసింది. ఇలాంటి కథను గొప్పకోసం ఎవరూ కల్పించరు. బడి అమ్మకం రసీదులో దాచాల్సిందేమీ ఉండదు.

ఇప్పుడు లాంబోర్గినీ వైపు వద్దాం. "ఇటాలియన్ జాబ్" అనే 1969 సినిమా మొదట్లో నారింజ రంగు మియూరా ఒకటి ఆల్ప్స్ ఘాట్ రోడ్డులో వెళ్తూ, సొరంగంలో దూరి పేలిపోతుంది. పేలినట్టు చూపించింది అంతకుముందే యాక్సిడెంటులో నుజ్జయిన వేరే కారు. మరి ఘాట్ రోడ్డులో నడిచిన అసలు కారు ఏమైంది? ఏళ్ల తరబడి నాదంటే నాదనే వాళ్లు చాలామందే ఉన్నారు. 2019లో కంపెనీకే చెందిన పోలో స్టోరికో విభాగం అది 3586 నంబరు మియూరా అని ధ్రువపరిచింది. ఫ్యాక్టరీ కాగితాలతో పాటు, ఆ కారును షూటింగుకు తీసుకెళ్లి స్వయంగా నడిపిన ఎంజో మోరుజ్జీ అనే పాత ఉద్యోగి మాట కూడా తీసుకున్నారు.

ఆయన చెప్పిన సంగతి నాకు భలే నచ్చింది. నుజ్జయిన కారుకు సరిపోయే నారింజ రంగు మియూరా అప్పుడు ఫ్యాక్టరీలో ఒక్కటే ఉంది. దాని సీట్లు తెల్ల తోలువి. అది అమ్మాల్సిన కారు. సీట్లు మాసిపోతాయని భయపడి, వాటిని ఊడదీయించి, టెస్టు కార్లకు వాడే నల్ల సీట్లు వేయించాడు. కానీ మియూరాలో హెడ్‌రెస్టులు సీట్లకు ఉండవు, వెనక ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న అద్దానికి బిగించి ఉంటాయి. వాటిని మార్చే టైము లేకపోయింది. అందుకే సినిమాలో నల్ల సీట్లు, తెల్ల హెడ్‌రెస్టులు! మొదట తెల్ల తోలు ఇంటీరియర్‌తో తయారైన మియూరాకు తప్ప ఇది కుదరదు. షూటింగు అయ్యాక అసలు సీట్లు మళ్లీ ఎక్కించి, 1968 జులైలో రోమ్ డీలరుకు పంపేశారు. కొన్నాయనకు అది సినిమా కారని తెలుసో లేదో మరి.

పాత పేపరు కటింగు దొరికిందని సంబరపడే వాళ్లకు ఒక మాట. 1978లో లాస్ ఏంజిలెస్‌లో ఒక ఇంటి పెరట్లో మట్టి తవ్వుతుంటే పిల్లలకు ఆకుపచ్చ ఫెరారీ డీనో 246 జీటీఎస్ దొరికిందని పేపర్లన్నీ రాశాయి. మట్టి లోపలికి పోకుండా సందుల్లో తువ్వాళ్లు కూడా కుక్కి ఉన్నాయి. 1974 డిసెంబరులో దొంగతనం కేసు నమోదై, ఇన్సూరెన్సు డబ్బు చెల్లించేసిన కారు అది. తువ్వాళ్లు నిజం, పాతిపెట్టడం నిజం. పిల్లల కథే నిజం కాదని చాలా ఏళ్లకు బయటపడింది. తమకు ఉప్పందించిన మనిషిని కాపాడటానికి పోలీసులు అల్లిన కథ అది. ఇన్సూరెన్సు కోసం యజమానే పాతిపెట్టించాడన్నది ఆ తర్వాత వచ్చిన కథనాల సారాంశం. నలభై ఏళ్లుగా పిల్లల కథే ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కుతూ వచ్చింది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టే కేసు 0384ఏఎం. ఇది 1954 నాటి ఫెరారీ 375 ప్లస్. ఆ ఏడాది మిల్లె మిలియాలో ఉంబెర్తో మాలియోలి నడిపాడు, సిల్వర్‌స్టోన్‌లో ఫ్రోయిలాన్ గొంజాలెజ్ గెలిచాడు. ఆ తర్వాత అమెరికా చేరింది. 1958లో ఒహాయోకు చెందిన ఒకాయన కొని ఇంటి దగ్గర పెట్టుకున్నాడు. 1980ల్లో అది అక్కడి నుంచి మాయమై, బెల్జియంలో తేలింది. అక్కడ ఒకరు డబ్బిచ్చి కొని, దానికి మళ్లీ ప్రాణం పోశారు. అమెరికాలో మిగిలిన అసలు విడిభాగాలు, యాజమాన్యం కాగితం మాత్రం మొదటి కుటుంబం దగ్గరే ఉన్నాయి. ఛాసిస్ ఒక ఖండంలో, దాని మీద హక్కు ఇంకో ఖండంలో! కోర్టుల్లో ఏళ్లకేళ్లు గడిచాక, చివరికి రాజీ పడి 2014లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో వేలం వేస్తే కోటీ 7 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. అంతటితో అయిపోలేదు. వేలం తర్వాత మళ్లీ కోర్టు. నంబరు విషయంలో ఎవరికీ సందేహం లేదు, గమనించండి. గొడవంతా కారు ఎవరిదన్న దాని మీదే.

ఇప్పుడు ఫెరారీ, లాంబోర్గినీ, మసెరాటి అందరూ సొంతంగా సర్టిఫికెట్లు ఇస్తున్నారు. మంచిదే. కానీ సర్టిఫికెట్ చెప్పేది ఒక్కటే, ఈ లోహం ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోతోందని. 3851 నంబరు జీటీఓను తీసుకోండి. 1962 అక్టోబరులో మోంట్లేరీ ట్రాకులో దాన్ని నడుపుతూ హెన్రీ ఓరెయె చనిపోయాడు. 1948 ఒలింపిక్స్‌లో స్కీయింగులో రెండు స్వర్ణాలు గెలిచినవాడు. కారును బాగుచేశారు. 1965లో ఒక ఇటాలియన్ కొని, ఆయన చివరి దాకా ఉంచుకున్నాడు. 2014లో 3 కోట్ల 81 లక్షల డాలర్లకు పోయింది. ఆ ప్రమాదం, ఆ రిపేరు ఆ కారు చరిత్రలో భాగమే కదా!

రేసుల రోజుల్లోనే ఇంజిన్ పేలిపోయి, వేరే ఇంజిన్ ఎక్కించిన కార్లు కూడా బోలెడు. ఇప్పుడు సర్టిఫికెట్ కోసం ఆ ఇంజిన్ తీసేసి, ఫ్యాక్టరీతో కొత్త బ్లాకు పోత పోయించి బిగిస్తున్నారు. నాకైతే ఇది నచ్చదు. 1963లో మెకానిక్కులు రాత్రికి రాత్రి బిగించిన ఇంజిన్‌కంటే నిన్నగాక మొన్న పోసిన బ్లాకు ఎక్కువ అసలుదెలా అవుతుంది? తీసేసిన ఇంజిన్‌ను అమ్ముకోకుండా కారుతోనే పెట్టెలో ఉంచి, ఎప్పుడు మార్చారో ఎందుకు మార్చారో ఫైల్లో రాసిపెట్టే యజమానులు కూడా కొందరున్నారు. కొనబోయే ముందు ఆ పెట్టె ఎక్కడుందని అడిగితే సగం కథ బయటపడుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆల్ఫా రోమియో గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదని ముందు వరుసలోంచి ఎవరో అంటున్నారు, ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం.