గీత ఎక్కడ గీయాలి
(ఒంగోలులో వాణిజ్యశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. దండలకే అరగంట పట్టింది కనుక నేరుగా విషయానికి వస్తాను.

క్లౌడ్ సర్వర్లంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే కంప్యూటర్లు. వాటికి వాడినంత మేరకు కట్టవచ్చు. లేదా ఏడాదికో మూడేళ్లకో ఒప్పుకుని తగ్గింపు ధరకు తీసుకోవచ్చు. వీటిని అద్దెకిచ్చే అమెజాన్ అలాంటి ఒప్పందాలను 2009లో రిజర్వుడ్ ఇన్‌స్టాన్సుల పేరుతో, 2019లో సేవింగ్స్ ప్లాన్ల పేరుతో తెచ్చింది. తగ్గింపు గరిష్ఠంగా 72 శాతం అనగానే మనవాళ్లకు నోరూరుతుంది. ఒప్పుకున్న గంటలో వాడకపోయినా డబ్బు కట్టాల్సిందే, మిగిలింది మరుసటి గంటకు జమ కాదు.

నేను లెక్కలు చూసే సంస్థ నెల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచి రైతు ఫోనుకు కబురు పంపుతుంది. వేసవిలో రాత్రంతా పనే. పట్టుబడి అయిపోతే సగం సర్వర్లు ఖాళీ. ఒక మధ్యవర్తి వచ్చి మే నెల బిల్లు చూపించి మూడేళ్ల ఒప్పందం రాయించబోయాడు. వద్దన్నాను. “మీకు టెక్నాలజీ తెలియదు సార్” అన్నాడు. టెక్నాలజీ కాదయ్యా, ఇది కౌలు లెక్క!

కొండపి, టంగుటూరు పిల్లలు ఉన్నారా? చేతులెత్తండి. పొగాకు వేలం ధర తెలియకముందే పొలం కౌలు, ఆకు కాల్చే బ్యారన్ కౌలు ఖాయం చేసుకుంటాం. ధర పడిందని బ్యారన్ యజమాని ఒక్క రూపాయి తగ్గిస్తాడా? అందుకే పొగాకు బోర్డు గిరాకీ చూసి ఏటా పంటకు పరిమితి పెడుతుంది. 2000-01లో ఏకంగా పంట విరామమే ప్రకటించారు. ఆ ఏడు మా ఊళ్లో బ్యారన్ల పక్కన పేర్చిన కట్టెలు చెదలు పట్టాయి... సరే, దారి తప్పుతున్నాను.

తగ్గింపు 28 శాతం అనుకోండి. వంద గంటల్లో 72 గంటలైనా పనిచేయని సర్వర్‌కు ఒప్పందం నష్టమే. ఎప్పుడూ ఆగని సర్వర్లతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి చూడండి. 72 కన్నా తగ్గిన చోట గీత గీయండి. గీత కిందివాటికే ఒప్పందం, పైవాటికి వాడినంత మేరకు కట్టడమే. సగటు చూడవద్దు, సగటే ముంచుతుంది! పైగా మనం చూసే పట్టిక నిరుటి వాడకానిది. రొయ్యలకు తెల్లమచ్చ వ్యాధి వచ్చి రైతులు చెరువులు ఎండబెడితే? గీత ఇంకా కిందికి దించాలి, మూడేళ్లయితే మరింత.

అమ్మేవాడు మాత్రం తెలివిగానే ఉన్నాడు. ముందస్తు సొమ్ము లేకుండా ఒప్పందం ఇవ్వడానికి మనం బిల్లులు సక్రమంగా కట్టామా అని చూస్తాడు. నెలకు ఎన్ని రిజర్వేషన్లు కొనవచ్చో కూడా పరిమితి పెడతాడు. మన సంస్థలో అలాంటి పరిమితి రాసిన కాగితం ఏది? రేపు మీరు ఉద్యోగాల్లో చేరాక గంటలవారీ వాడకం పట్టిక జతచేయని ఒప్పందాన్ని సంతకానికి పంపకండి.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క లెక్క బోర్డు మీద వేసి దిగిపోతాను. బాబూ, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు.