సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కొంటున్నారా? ముందు బండి కిందికి దూరండి

[బండి పక్కన నిలబడి]

"అన్నా, బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ ఉంది, స్నార్కెల్ ఉంది, పైన లైట్ల బారు ఉంది, తీసేసుకోనా?" అంటూ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి, కొనబోయేవాళ్ళు ఫొటోలు పంపుతారు. పదహారు ఫొటోలుంటే, బండి కింద తీసింది ఒక్కటీ ఉండదు. ఒళ్ళు మండుతుంది నాకు.

ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. కొమ్ములకు రంగేశారని డబ్బులిచ్చేయడు. ఈ లైట్లు, స్టిక్కర్లు అన్నీ కొమ్ముల రంగే. నేనూ మొదటిసారి రంగు చూసే కొన్నాను లెండి. ఆ స్నార్కెల్, అంటే ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే పైపు, గాలి ఫిల్టరుండే ఎయిర్‌బాక్స్ దగ్గర అసలు సీలే కాలేదు. వాగులోకి దింపుంటే ఇంజిన్ నేరుగా నీళ్ళు తాగేది.

[బండి కింద పడుకుని]

ఇవిగో, పళ్ళు. ఇది చాసిస్, బండిని మోసే చట్రం. స్క్రూడ్రైవర్ పిడితో ఇలా తట్టుకుంటూ వెళ్ళండి. ఇక్కడ ఠంగుమంది కదా? ఇప్పుడు వెనక సస్పెన్షన్ బిగించిన చోట... దబ్. విన్నారా? లోపల మట్టి పేరుకుని తడి నిలిచి, రేకు తుప్పుతో పలచబడింది. పైన మాత్రం నిగనిగలాడే నల్లరంగు. పాత బండికి కింద కొత్త రంగు కనిపిస్తే నాకైతే సంతోషం కాదు, అనుమానం.

లేచి లోపల కూర్చుని సీటు బెల్టు చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ చివర బురద గీత ఉంటే బండి ఎక్కడో మునిగి లేచిందేమో అనుకోండి. కార్పెట్ ఎత్తి చూడకుండా ముందుకెళ్ళొద్దు.

పళ్ళయ్యాయి, ఇక కాడి కట్టాలి. అంటే లో రేంజ్, ఫోర్ బై ఫోర్‌లో ఉండే అదనపు తక్కువ గేరు. ఇంజిన్ అదే వేగంతో తిరుగుతున్నా చక్రాలు నెమ్మదిస్తాయి, లాగుడు పెరుగుతుంది. వేగం తగ్గే ఈ నిష్పత్తి మారుతి జిమ్నీలో సుమారు 2:1, జీప్ ర్యాంగ్లర్ రూబికాన్‌లో 4:1. చాలా బండ్లలో ఆ గేరు వేసే లీవర్‌ను ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోరు. కాడి ఎరగని ఎద్దన్నమాట. అందుకే అమ్మేవాళ్ళ ఎదుటే వేయించండి. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలకూ బలం వెళ్ళే బండి, అయితే పొడి తారురోడ్డు మీద మాత్రం వద్దు, వదులు మట్టి మీదే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, కానీ ముందూ వెనకా ఒకే వేగానికి బిగించేశాం కాబట్టి గట్టి రోడ్డు మీద గేర్లూ షాఫ్టులూ మెలితిరుగుతాయి. ముందుకీ వెనక్కీ నాలుగు గజాలు నడిపి, టకటక చప్పుడొస్తుందేమో వినండి.

కంకర రోడ్ల వరకే వెళ్తారా? అయితే లో రేంజ్ లేకుండా నాలుగు చక్రాలకూ తనే బలం పంచుకునే మామూలు ఆల్ వీల్ డ్రైవ్ చాలు, లో రేంజ్ కోసం అప్పు చేయకండి. ఇది నా మాట, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

ఇప్పుడు బరువు. ఎద్దు ఎంత మోస్తుందో అడగకుండా బండి నింపేస్తారు. 60 లీటర్ల నీళ్ళంటే 60 కిలోలు, రూఫ్‌టాప్ టెంట్ మరో 50, 60. దానికి మనుషులు, డీజిల్ క్యాన్లు, పనిముట్లు, ఇంకా ఆ రంగుల బంపర్ కూడా! కంపెనీ అనుమతించిన మొత్తం గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి, మిగిలిందే మీ లెక్క. పైకప్పుకు వేరే పరిమితి ఉంటుంది, గతుకుల్లో అది ఇంకా తగ్గుతుంది.

[గడియారం చూసి]

అయ్యో, మిగతావి గబగబా. గిట్టలు, అంటే టైర్లు: పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్య చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె, దాని ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. మీ దారిలో విడిభాగాలు దొరకని మోడల్, ఎంత అందగత్తెయినా, వదిలేయండి. ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టున్న ఇంజిన్ అయితే మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలో కోయించాకే చేయి కలపండి.