ఎలుకకి టెన్షన్ తగ్గిందని ఎలా తెలుస్తుంది?

[స్క్రీన్ మీద: పైనుంచి కెమెరా. ప్లస్ గుర్తు ఆకారంలో ఎత్తైన బల్ల, మధ్యలో తెల్ల ఎలుక]

టెన్షన్ తగ్గించే మందు అనుకున్నది ముందు ఎలుకకి ఇస్తారు. ఇచ్చాక "ఇప్పుడెలా ఉంది?" అని అడగలేం కదా! అందుకే ఈ బల్ల. పేరు ఎలివేటెడ్ ప్లస్ మేజ్. నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు. నాలుగు దారుల్లో ఎదురెదురుగా ఉన్న రెండింటికి గోడలుంటాయి. మిగతా రెండూ బోసిగా ఉంటాయి. కొత్త చోటు కనిపిస్తే ఎలుక వాసన చూడకుండా ఉండలేదు. గోడ వదిలి రావాలంటే మాత్రం దానికి భయం.

[క్లోజప్]

ఇది మందు ఇవ్వని ఎలుక. వెనక కాళ్లు గోడల మధ్యే ఉంచి, ఒళ్లంతా సాగదీసి, ముక్కు మాత్రం బయటికి పెట్టింది చూడండి. మీసాలు ఆడించింది, చటుక్కున లోపలికి పోయింది. 5 నిమిషాల పరీక్షలో ఎక్కువసేపు అక్కడే ఉంటుంది.

ఇది డయాజిపామ్ అనే టెన్షన్ తగ్గించే మందు ఇచ్చిన ఎలుక. బోసి దారి చివరిదాకా వెళ్లి, అంచు మీంచి తల వంచి కిందికి చూస్తోంది!

1985లో పెల్లో, ఫైల్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు ఈ పరీక్షని సరిచూశారు. డయాజిపామ్ లాంటి మందులు బోసి దారుల్లో తిరగడాన్ని పెంచాయి. ఆందోళన పెంచే కెఫీన్, యోహింబిన్ తగ్గించాయి.

ఇక్కడో చిక్కుంది. ఉత్సాహం పెంచే మందు వేస్తే ఎలుక అన్ని దారుల్లోనూ పరుగెడుతుంది. మత్తు ఎక్కువైతే ఎక్కడిదక్కడే కూలబడుతుంది. అందుకే గోడల దారుల్లోకి ఎన్నిసార్లు వెళ్లిందో కూడా లెక్కపెడతారు. ఒకసారి ఎక్కిన ఎలుకని రెండోసారి ఎక్కిస్తే, డయాజిపామ్ ప్రభావం కూడా సరిగ్గా కనిపించదు.

మన ఫార్మసీ కాలేజీల్లో ఎథిక్స్ కమిటీ అనుమతితో ఆకుల, వేర్ల సారాలను పరీక్షించేదీ చాలావరకు ఇలాగే, పోలికకి డయాజిపామ్ పెట్టుకుని. "ఫలానా వేరు ఆందోళన తగ్గిస్తుందని రుజువైంది" అనే వార్త చూస్తే, రుజువైంది ఎలుకలోనా, మనిషిలోనా అని వెతకండి.

నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా అనిపించేది వేరే. ఈ బల్ల డయాజిపామ్ తరహా మందులకి బాగా సరిపోయింది. ఇవాళ ఆందోళనకి డాక్టర్లు ముందుగా రాసేవాటిలో ఉన్న ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు ఒక్క డోసుతో ఇక్కడ సాధారణంగా నెగ్గవు.

[స్క్రీన్ మీద: వెలుతురు పడే పెద్ద పెట్టె, నడుమ తిండి]

వాటికి ఈ పరీక్ష మెరుగు. ఆకలితో ఉన్న ఎలుక వెలుతురు మధ్యలోకొచ్చి తిండి ముట్టడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. ఇందులో ఎస్‌ఎస్‌ఆర్‌ఐ ప్రభావం కనిపించాలంటే వారాల తరబడి మందివ్వాలి. మనుషుల్లోనూ ఆ మందు పనిచేయడానికి వారాలే పడుతుంది.