సిలిండర్ అంకె ఏటా పెరుగుతుంటే

శ్రోతలకు నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క అంకె గురించి మాట్లాడతాను. కళ్లద్దాల చీటీలో సిలిండర్ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలోని అంకె గురించి.

కంటి నల్లగుడ్డు ముందు కార్నియా అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మందం సుమారు అర మిల్లీమీటరు. దాని వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే అక్షరాలకు నీడలు వస్తాయి, రాత్రిపూట దీపాలు చీలినట్టు కనిపిస్తాయి. అదే ఆస్టిగ్మాటిజం. దాన్ని సరిచేసేది సిలిండర్ అద్దం. కొద్దిపాటి సిలిండర్ చాలామందికి ఉంటుంది, భయపడనక్కరలేదు. ఏటా పెరుగుతుంటే మాత్రం ఎందుకని అడగాలి. తప్పకుండా అడగాలి.

నేను కంటి పరీక్షలు చేస్తాను. ఒకసారి అంబాజీపేట వైపు నుంచి ఒక తల్లి, ఇంటర్ చదివే కొడుకును తీసుకువచ్చింది. ఇంటి పక్కనే కొబ్బరి పీచు ఆరబోస్తారు. గదిలోకి వచ్చాక కూడా ఆ అబ్బాయి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు, కిటికీ వెలుతురుకే కళ్లు మూతపడుతున్నాయి. తల్లి పాత చీటీలు మూడు తెచ్చింది. సిలిండర్ మొదట ఒకటిన్నర, మరుసటి ఏడు రెండున్నర, ఆ తర్వాత నాలుగు. ప్రతిసారీ అద్దాలు మార్చారు, అంతే.

నేను చీటీలు చూస్తుండగానే అబ్బాయి పిడికిలి బిగించి, వేలి కణుపులతో కళ్లు గట్టిగా నులుముకున్నాడు. "చిన్నప్పటి నుంచీ అంతేనండీ, దురద. నులుముకోకపోతే వాడికి తోచదు" అందామె. రెటీనోస్కోప్ వెలుగు వేసి చూస్తే, కంటిలోంచి తిరిగి వచ్చే కాంతి రెండుగా విడిపోయి కత్తెరలా ఆడింది. కార్నియా వంపును రంగుల పటంగా చూపే పరీక్ష, కార్నియా టోపోగ్రఫీ, తీయించమని కంటి డాక్టరు దగ్గరకు పంపాను. ఆ పటంలో కార్నియా కింది భాగం ఉబ్బి, ఎర్రగా కనిపించింది. పటంలో ఎరుపు అంటే అక్కడ వంపు ఎక్కువని. కెరటోకోనస్. కార్నియా పలచబడి ముందుకు పొడుచుకు వచ్చే జబ్బు. ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ల ప్రాయంలో బయటపడుతుంది. కళ్లు నులుముకోవడం దాన్ని ముదిరేలా చేస్తుంది.

రైబోఫ్లావిన్ అనే బి2 విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసే క్రాస్‌లింకింగ్ చికిత్స చేశారు. ఈ చికిత్స కార్నియాను గట్టిపరిచి జబ్బును చాలావరకు ఆపుతుంది. కానీ అప్పటికే చెడిన వంపును పూర్తిగా సరిచేయదు. మొదటి చీటీ నాటికే తెలిసి ఉంటే ఎంత చూపు మిగిలేదో అని నాకు ఇప్పటికీ బాధ.

సిలిండర్ పెరగడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. చేపల చెరువుల గట్ల మీద, సముద్రం మీద, పొలంలో ఎండకూ దుమ్ముకూ పని చేసేవారికి ముక్కు వైపు నుంచి కంటిలో కండ పెరిగి కార్నియాను లాగుతుంది. శుక్లం, కార్నియా మీద పాత పుండు మచ్చ, కన్ను పొడిబారడం కూడా చూపును, వెలుతురు ఓర్చుకునే శక్తిని దెబ్బతీస్తాయి. ఎండలో వెడల్పు అంచున్న టోపీ పెట్టుకోండి.

ఇక ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. వరి కోతల్లో ఆకో గింజో తగిలి కన్ను ఎర్రబడి, నొప్పిగా ఉండి, వెలుతురు చూడలేకపోతే అది సిలిండర్ సంగతి కాదు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందుల కొట్లో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు, ఆకు పసరు అసలే పోయవద్దు. అది బూజు, అంటే ఫంగస్, వల్ల కార్నియాకు పట్టిన పుండు అయితే వాటితో కన్నే పోవచ్చు.

పిల్లల పాత కళ్లద్దాల చీటీలు పారేయకండి. కొత్త చీటీ రాగానే పాతదాని పక్కన పెట్టి, సిలిండర్ గడి ఒక్కటే పోల్చండి, కుడి కన్ను విడిగా, ఎడమ కన్ను విడిగా. పెరిగితే టోపోగ్రఫీ అవసరమా అని డాక్టరును అడగండి. దురద పుడితే చల్లటి తడి గుడ్డ కళ్ల మీద వేయండి. అలర్జీకి చుక్కలు ఉన్నాయి, డాక్టరు రాసి ఇస్తారు. నులమనివ్వకండి, నిద్రలో కూడా చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి.