తెగే బరువు అడిగాం, సాగుడు అడిగామా?

(వేట నిషేధ కాలంలో కళింగపట్నం దగ్గరి ఒక మత్స్యకార గ్రామంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అన్నదమ్ములకు, అప్పలకు నమస్కారం.

జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటున్నారు, ఇంజన్లు విప్పుతున్నారు. తాళ్ల ఊసే ఎవరూ ఎత్తడం లేదు. కొట్టుకెళ్తే మనం అడిగేవి రెండే: ఎంత లావు, కిలో ఎంత? కాస్త తెలిసినవాళ్లయితే ఎన్ని టన్నులకు తెగుతుందో అడుగుతారు. ఎంత సాగుతుంది అని అడిగినవాళ్లను నేను చూడలేదు. ఈ పూట నేను మాట్లాడేది దాని గురించే.

సాగుడు మనకు తెలియనిదేం కాదు. ఉద్దానంలో కొబ్బరి పీచు ఉంది, విజయనగరం మెట్ట పొలాల్లో గోగు నార ఉంది. గోగు పోగు గట్టిదే, కానీ నూటికి రెండు పాళ్లు సాగేలోపే పుటుక్కుమంటుంది. కొబ్బరి పీచుకు బలం తక్కువ, సాగుడు మాత్రం దండిగా ఉంటుంది. అందుకే బస్తా కట్టడానికి ఒకటి, కెరటాల మీద ఊగే పడవకు ఇంకొకటి.

ఒక లెక్క చెప్తాను, విసుక్కోకండి. లంగరేసిన బోటు, సామానుతో కలిపి ఒక టన్ను అనుకుందాం. కెరటం దాన్ని సెకనుకు రెండు మీటర్ల వేగంతో తోసింది. ఆ ఊపునంతా తాడే ఆపాలి. తాడు ఒక మీటరు సాగుతూ ఆపితే, దాని మీద పడే గరిష్ఠ బరువు సుమారు 400 కిలోలు. అదే బోటును పది సెంటీమీటర్లలో ఆపాలంటే నాలుగు టన్నులు! 12 మిల్లీమీటర్ల కొత్త నైలాన్ తాడు తెగేదే మూడు టన్నుల దగ్గర. బోటు అదే, కెరటం అదే. సాగుడు ఒక్కటే మారింది. తాడు తెగకపోతే బోటుకున్న కొక్కెం ఊడొస్తుంది, లేదా లంగరు ఇసకలోంచి పెకిలిపోతుంది.

కాబట్టి లంగరు తాడు నైలాన్‌దే కావాలి. తెగేలోపు నూటికి 20 పాళ్ల దాకా, అల్లికను బట్టి అంతకంటే ఎక్కువే సాగుతుంది, బరువు తీసేస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. పాలిస్టర్ 12 నుంచి 15 పాళ్లు సాగుతుంది. డైనీమా అనే ఒక రకం ఖరీదైన ప్లాస్టిక్ పోగు తాడు పేరు ఈ మధ్య వినిపిస్తోంది, ఉక్కు తాడంత బలం, నీళ్లలో తేలుతుంది, తెగేముందు కూడా మూడు నాలుగు పాళ్లకు మించి సాగదు. పెద్ద ఓడలవాళ్లకు అది వరమే. మన లంగరుకు కడితే మాత్రం డబ్బు పోసి కుదుపులు కొనుక్కున్నట్టే. నైలాన్‌కూ ఒక లోపం ఉంది: తడిస్తే నూటికి పది పదిహేను పాళ్ల బలం తగ్గుతుంది. సముద్రంలో ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి కొట్టువాడు చెప్పిన అంకెలోంచి అది ముందే తీసేసుకోండి.

ఇక అల్లిక. మూడు పేటల పురి తాడును బరువుతో లాగితే పురి విప్పుకోవాలని చూస్తుంది, అందుకే గిర్రున తిరిగి మెలికలు పడుతుంది. జడ అల్లిక తాడులో సగం పేటలు కుడికి, సగం ఎడమకు పోతాయి కాబట్టి తిరగదు. పేటలు ఎంత ఏటవాలుగా అల్లితే అంత ఎక్కువ సాగుతుంది. బారుగా, తక్కువ వాలుతో అల్లినది బలంగా ఉంటుంది, సాగుడు తగ్గుతుంది. అంటే నైలాన్ అని తెలుసుకుంటే సరిపోదు, అల్లిక కూడా చూడాలి. కొత్త తాడు మొదటిసారి బిగిసినప్పుడు అల్లిక సర్దుకుని కొంత పొడవు పెరుగుతుంది. ఆ పెరిగింది మళ్లీ తగ్గదు, దాన్ని చూసి తాడు పాడైందనుకోకండి.

ముడి వేస్తే దాదాపు సగం బలం పోతుంది. వంపు తిరిగిన చోట బయటి పోగులే బరువంతా మోస్తాయి, లోపలివి ఖాళీగా ఉంటాయి. ముడి లేకుండా, కొస పేటలు విప్పి తిరిగి తాడులోకే అల్లి కన్ను, అంటే కొసన ఉంగరంలాంటి వంపు, వేసుకుంటే పదింట తొమ్మిది వంతుల బలం నిలుస్తుంది. ఈ పని చేయగలిగిన ముసలివాళ్లు ఇక్కడే కూర్చున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకోండి తమ్ముళ్లూ, ఫోన్లో వీడియో చూస్తే చేతికి రాదు.

ఇంకో సంగతి, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. తుపాను హెచ్చరిక వస్తే చేతికందిన తాళ్లన్నీ కలిపి బోటుకు కట్టేస్తాం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటిది మళ్లీ వచ్చిందనుకోండి. ఒక నైలాన్ తాడు, పక్కనే ఒక పాలిస్టర్ తాడు, రెండూ సమానంగా మోస్తాయనుకుంటాం. మోయవు. నైలాన్ సాగుతూ తప్పించుకుంటుంది, బరువులో ఎక్కువ భాగం తక్కువ సాగే పాలిస్టర్ మీద పడి అది ముందు తెగుతుంది. ఆ కుదుపు ఒక్కసారిగా నైలాన్ మీదకొస్తుంది. రెండు తాళ్లు కడితే ఒకే రకం, ఒకే లావు, ఒకే పొడవు కట్టాలి.

బోటును ట్రాక్టరుతో ఒడ్డుకు లాగేటప్పుడు మాత్రం నైలాన్ సాగుడే మనకు శత్రువు. సాగి బిగిసిన తాడు తెగితే, అందులో దాచుకున్న శక్తంతా కొసలోకి వస్తుంది. కాళ్లు విరిగే దెబ్బ తగులుతుంది, ప్రాణాలే పోవచ్చు. అక్కడ పాలిస్టర్ మేలు. ఏదైనా సరే, తాడు సాగిన వరసలో మనిషి నిలబడకూడదు. పిల్లలను అసలు రానివ్వకండి.

ఎండ గురించి ఒక్క మాట. మనం ప్లాస్టిక్ తాడు అనే పాలీప్రొపిలీన్‌ను అరచేత్తో రుద్దితే పొడి రాలుతోందంటే దాని పని అయిపోయింది, పైకి లావు తగ్గకపోయినా.

ఇక మీ ఇళ్ల నుంచి తెచ్చిన ముక్కలు ఇవ్వండి, ఈ బకెట్ నీళ్లలో వేద్దాం. తేలితే అది ప్లాస్టిక్ తాడో, ఖరీదైన డైనీమానో. మునిగితే నైలాన్, లేదా పాలిస్టర్. ఆ రెండింటినీ విడదీయడానికి చేతికి చిక్కేంత పొడవు కావాలి, లాగి చూద్దాం. నైలాన్ అని చెప్పి అమ్మిన తాడు తేలిందనుకోండి, ఆ కొట్టువాడి దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు ఈ ముక్కనే పట్టుకెళ్లండి.