సోమాలియా, లెబనాన్, లిబియా: మన విశాఖ ఓడ కథ

[ఆర్కే బీచ్, సాయంత్రం. దూరంగా యుద్ధనౌకలు.]

నమస్తే అండీ. ఇవాళ మన విశాఖలో ఉండే ఐఎన్‌ఎస్ జలాశ్వ గురించి చెప్పుకుందాం. జలాశ్వ అంటే నీటిగుర్రం. 2007లో అమెరికా నుంచి కొన్నాం. అంతకుముందు దాని పేరు ట్రెంటన్.

1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషు తగలబడుతుంటే, అక్కడి అమెరికా ఎంబసీలో చిక్కుకున్న 281 మందిని హెలికాప్టర్లలో తరలించిన రెండు ఓడల్లో ఇదొకటి. 2006లో లెబనాన్ యుద్ధం నుంచి జనాన్ని తీసుకొచ్చింది. 2011లో మన జెండాతో, మనవాళ్లని తీసుకురావడానికి లిబియా వెళ్లింది.

[ఓడ వెనక భాగం, దగ్గరగా.]

ఇక్కడ చూడండి. ఓడ వెనక పెద్ద తలుపు ఉంది. లోపలి ట్యాంకుల్లోకి నీళ్లు నింపితే వెనక భాగం కిందికి దిగుతుంది. తలుపు తెరవగానే సముద్రం లోపలికొస్తుంది, పడవలు తేలుతూ బయటికెళ్తాయి. రేవు దెబ్బతిన్నా సరే, ఆ పడవల్లో ఒడ్డు దాకా వెళ్లి మనుషుల్ని ఎక్కించుకోవచ్చు. నాకు ఇదే అద్భుతం అనిపిస్తుంది.

విమానాలు ఉండగా ఓడలెందుకు? యుద్ధంలో ముందు మూతపడేది ఎయిర్‌పోర్టే. 2015 మార్చి 31న యెమెన్‌లోని ఏడెన్ నుంచి ఐఎన్‌ఎస్ సుమిత్ర 349 మందిని సముద్రం అవతలి జిబౌటీ దేశానికి చేర్చింది. ఆ ఆపరేషన్ రాహత్‌లో మొత్తం 4,640 మంది మనవాళ్లు, 41 దేశాలకు చెందిన మరో 960 మంది బయటపడ్డారు.

కానీ అసలు కష్టం ఓడ ఎక్కేముందే. 2023లో సూడాన్‌లో యుద్ధం వచ్చినప్పుడు, రాజధాని ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్ రేవుకి దాదాపు 850 కిలోమీటర్లు. దారంతా చెక్‌పోస్టులు. మనవాళ్లు పిల్లల్తో బస్సుల్లో వచ్చారు. ఎంత టెన్షన్ పడి ఉంటారో! రేవు దాకా రాలేనివాళ్ల కోసం ఎయిర్‌ఫోర్స్ విమానం రాత్రిపూట, లైట్లు కూడా లేని వాడి సయ్యిద్‌నా రన్‌వే మీద దిగి 121 మందిని తెచ్చింది.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికోసం బయటి దేశాలకు వెళ్లే తమ్ముళ్లకి ఒక మాట. దిగిన వారంలోనే మన ఎంబసీలో పేరు రాయించండి. గొడవలు మొదలైతే వాళ్లు వెతికేది ఆ జాబితానే. పాస్‌పోర్ట్ యజమాని దగ్గర ఉండిపోయినా భయపడకండి. ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇండియాకి రావచ్చు. పాస్‌పోర్ట్ ఫొటో మాత్రం ఇవాళే తీసి, ఇంట్లో అమ్మ ఫోన్‌కి పంపేయండి.