చామనఛాయకు జపాన్ రంగుల లెక్క

అందరికీ నమస్కారం. పార్లర్లు నడిపేవాళ్లు, పెళ్లికూతుళ్లకు మేకప్ చేసేవాళ్లు ఇంతమంది ఒక్కచోట దొరికారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోను. "నాకే షేడ్ బాగుంటుందండీ?" అని మీ దగ్గరకొచ్చే ప్రతి కస్టమరూ అడుగుతుంది. ఈ ప్రశ్నకు జపాన్‌వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందులో మనం తీసుకోవలసింది ఎంత, పక్కన పెట్టవలసింది ఎంత అన్నదే ఇవాళ్టి మాట.

టోక్యోలో ఏ పెద్ద మందుల షాపుకి వెళ్లినా మందులతో సమానంగా మేకప్ సామాను ఉంటుంది. లిప్‌స్టిక్ అరల దగ్గర చిన్న చిన్న అట్టముక్కలు కనిపిస్తాయి: ఈ షేడు 'ఇయెబె' వాళ్లకు, ఆ షేడు 'బురుబె' వాళ్లకు అని. చర్మం లోపలి ఛాయ పసుపు వైపుంటే యెల్లో బేస్, నీలం వైపుంటే బ్లూ బేస్. ఆ మాటలను వాళ్లు అలా కుదించుకున్నారు. ఈ రెంటినీ మళ్లీ ఋతువులుగా విడగొట్టారు. పసుపు వైపు వసంతం, శరత్తు. నీలం వైపు వేసవి, శీతాకాలం. వసంతానికి పగడం రంగు, పీచ్, తేట నారింజ ఎరుపు, పైన కాస్త మెరుపు. శరత్తుకు ఇటుక రంగు, టెర్రకోట, బ్రౌన్ కలిసిన ఎరుపు. వేసవికి మెత్తని గులాబీ, రాస్ప్‌బెర్రీ, మావ్. శీతాకాలానికి వైన్ రెడ్, చెర్రీ, మన చీరల షాపుల్లో రాణీ కలర్ అంటామే అది. నీలం కలిసిన లేత గులాబీ రంగులను వేసవి కింద వేయడమేంటి, రోహిణి కార్తె ఎండల్లో ఆ రంగు ఎక్కడ కనిపిస్తుంది అని మనకు అనిపిస్తుంది. జూన్ వానల్లో ఆ రంగుల హైడ్రాంజియా పూలు విరగబూసే దేశం వాళ్లది, వాళ్లకు బాగానే అతికింది.

ఇది జపాన్‌లో పుట్టిన లెక్కేమీ కాదు. జర్మనీలో బౌహౌస్ అనే కళల స్కూల్లో పాఠాలు చెప్పిన యోహానెస్ ఇట్టెన్, తన విద్యార్థులు ఇష్టపడి వాడే రంగులకూ వాళ్ల ఒంటి ఛాయకూ ఏదో సంబంధం ఉందని గమనించాడు. 1980లో అమెరికాలో కెరొల్ జాక్సన్ రాసిన పుస్తకంతో నాలుగు ఋతువుల మాట ఇంటింటికీ చేరింది. అమెరికాలో ఆ మోజు కొంతకాలానికి చల్లబడింది. జపాన్‌వాళ్లు మాత్రం పట్టుకుని వదల్లేదు. వాళ్ల దగ్గర అప్పటికే ఒక మంచి పనిముట్టు ఉంది. అక్కడి కలర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1964లోనే రంగులకు ఒక పట్టిక తయారుచేసింది, పేరు పీసీసీఎస్. అందులో 24 వర్ణాలు. వాటిని ఎంత లేత, ఎంత ముదురు, ఎంత గాఢం, ఎంత మసక అనే లెక్కన 12 టోన్లుగా పేర్చారు. నా దృష్టిలో అసలు సరుకు ఇదే. మంచి అనలిస్టు "మీరు బ్లూ బేస్" అని చెప్పి ఊరుకోదు. లేతా ముదురా, తేటా మసకా అన్నది కూడా విడివిడిగా చూస్తుంది.

చూడటం ఎలాగో ఇప్పుడు చేసి చూపిస్తాను. ముందు వరుసలో ఆ మూల కూర్చున్న అమ్మాయి, ఒకసారి రామ్మా. మొహం కడుక్కునే వచ్చారు కదా, మంచిది. కిటికీ దగ్గర ఇలా కూర్చోండి. పైనున్న ట్యూబ్‌లైట్లు ఎవరైనా ఆపండి. ఆ వెలుతురులో తేడాలు సరిగ్గా తెలియవు. జుట్టుకు రంగు వేశారు కాబట్టి తల మీద తెల్లగుడ్డ కప్పుతున్నాను. మీరంతా గుడ్డ వైపు చూడకండి. ఈవిడ కళ్ల కింద, మూతి చుట్టూ, దవడ కింద, ఈ మూడు చోట్లే చూడండి.

ఇదిగో, గడ్డం కింద కనకాంబరం రంగు గుడ్డ. తీసేసి రాణీ కలర్ పెట్టాను. ఒకటి పక్కా పసుపు వైపు, ఇంకోటి పక్కా నీలం వైపు. పెద్ద తేడా ఏమైనా కనిపించిందా? వెనక ఎవరో లేదంటున్నారు, నాకూ లేదు. రెండిటికీ మొహం వెలిగింది. ఇప్పుడు పౌడర్ పింక్ పెడుతున్నాను. చూశారా, మూతి చుట్టూ ఉన్న నలుపు ఒక్కసారి పైకొచ్చింది. కళ్ల కింద కూడా. దాని బదులు వైన్ రెడ్... నలుపు మళ్లీ చర్మంలో కలిసిపోయింది. థాంక్స్ అమ్మా, అక్కడే ఉండండి, మళ్లీ పనుంది.

అంటే ఈవిడ విషయంలో తేల్చింది ముదురు, తేట. పసుపా నీలమా అన్నది తర్వాతి మాట. చామనఛాయ మొహాల్లో చాలావాటికి ఇదే వరస అని నా అనుభవం. జపాన్ పద్ధతి అక్కడి చర్మాలకు తగినట్టు పెట్టుకున్నది. వాళ్లు ముందు బేస్ చూసి తర్వాత మిగతావి చూస్తే వాళ్లకు సరిపోతుంది. అదే వరసలో మనల్ని చూస్తే, గోధుమ ఛాయ కనిపించగానే "శరత్తు" అని ముద్ర వేసి జీవితాంతం ఇటుక రంగు అంటగడతారు. మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా చూడమనే చిట్కా కూడా మన రంగు చర్మం మీద నమ్మదగ్గది కాదు.

గుడ్డ వేసి చూడటం మనకు కొత్తా అంటే కాదు. చీరల షాపులో సేల్స్‌మేన్ కొంగు భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టడం ఇదే పని. కాకపోతే అక్కడ మన చూపంతా చీర మీద ఉంటుంది. పక్క పక్క రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని 1839లో ఫ్రాన్స్‌లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పుస్తకం రాశాడు. పారిస్‌లో గోబెలాఁ నేత కర్మాగారం రంగుల విభాగం ఆయన చేతిలో ఉండేది. నల్ల దారం వెలిసిపోయినట్టుందని ఫిర్యాదులొస్తే, లోపం రంగులో లేదు, పక్కన నేసిన రంగులో ఉందని తేల్చాడు. లిప్‌స్టిక్ పక్కన ఉండేవి పళ్లు, మూతి చుట్టూ చర్మం. నీలం వైపు ఎరుపు పళ్లను తెల్లగా చూపిస్తుంది. నారింజ వైపు వెళ్తే పళ్ల పసుపు బయటపడుతుంది. టీ, కాఫీ గట్టిగా తాగే కస్టమర్ అయితే ముందే చెప్పండి.

జపాన్ సలూన్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది, ఈ రంగులో మీరు తెల్లగా కనిపిస్తున్నారు అని. అది వాళ్లకు పొగడ్త. బ్లూ బేస్ అనిపించుకోవాలని ఆరాటపడేవాళ్లూ అక్కడ ఉన్నారు. ఈ కొలబద్దను దయచేసి దిగుమతి చేసుకోవద్దు. మన దగ్గర ఇప్పటికే ఉన్న స్టాకు చాలు. మొహమంతా ఒకే తీరుగా కనిపిస్తోందా, కళ్లలో వెలుగు తెలుస్తోందా, ఇవి అడగండి.

గుడ్డ పరీక్ష గడ్డం కిందితో ఆగిపోతుంది. పెదవికి సొంత రంగు ఉంటుంది, మనలో చాలామందికి పై పెదవి ముదురు, కింది పెదవి లేత. పల్చటి టింట్ వేస్తే రెండు పెదవులూ రెండు షేడ్లుగా వస్తాయి. ట్యూబు మీద చూసిన రంగు దేనికీ రాదు. జపాన్‌లో టింట్ల మోజు ఎక్కువ, ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించుకుని "రంగు రాలేదండీ" అని వచ్చేవాళ్లు మీకూ తగులుతారు.

ఈ సంగతి అక్కడి పాత పెదవి రంగు 'బెని' దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. అది కుసుమ పువ్వు నుంచి తీస్తారు. తెలంగాణ చేలల్లో మనం నూనె కోసం వేసే కుసుమే. పువ్వులో ఎక్కువ భాగం పసుపు, దాన్ని నీళ్లతో కడిగేస్తే మిగిలే ఎరుపు నూటికి ఒక పాలు. ఆ కాస్త ఎరుపునే పింగాణీ గిన్నె లోపల పూసి ఆరబెడతారు. ఆరాక అది ఎరుపుగా ఉండదు, జీరంగి రెక్కలా ఆకుపచ్చగా మిలమిలలాడుతుంది. తడి బ్రష్ తగలగానే ఎర్రబడుతుంది. 1825లో మొదలైన ఇసెహాన్ అనే సంస్థ టోక్యోలో ఇప్పటికీ దీన్ని తయారుచేస్తోంది, ఒక మ్యూజియం కూడా నడుపుతోంది. ఒకే గిన్నెలోని బెని ఒక్కో మనిషి పెదవి మీద ఒక్కోలా పలుకుతుంది. ఎడో కాలంలో, అంటే పదిహేడు నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా, డబ్బున్నవాళ్లు దీన్ని పొరలు పొరలుగా వేసి కింది పెదవిని ఆ ఆకుపచ్చ మెరుపుతోనే చూపించుకునేవారు. అంత బెని కొనలేని ఆడవాళ్లు ముందు నల్ల సిరా పూసి, దాని మీద పల్చగా బెని వేసి అదే మెరుపు తెప్పించారు. కింద ఏ రంగుందో చూసుకునే పైన వేయాలని వాళ్లకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు.

కాబట్టి పై పెదవి ముదురుగా ఉంటే, కస్టమర్ చర్మం రంగు కన్సీలర్ పల్చగా తట్టి, ఆ తర్వాత షేడ్ వేయండి. లేదంటే రెండు పెదవులనూ కప్పే ముదురు రంగుకు వెళ్లండి. న్యూడ్ కావాలని పట్టుబట్టే పెళ్లికూతురుకి లేత పింక్ వద్దు, ఆవిడ చర్మం కంటే ఒక మెట్టు ముదురు ఇటుక గులాబీ చూపించండి. షాపులో టెస్టర్‌ను ముంజేతి మీద గీసి చూస్తారు, అక్కడి చర్మం పెదవిలా ఉండదు. వేలి కొస మీద వేసి మొహం పక్కన పెట్టుకుంటే కాస్త నయం. ఎప్పుడూ రెండు షేడ్లు పక్కపక్కన చూడండి. ఒక్కటే చూస్తే ఏదైనా బాగానే ఉన్నట్టుంటుంది.

ఆ మూల కిటికీ దగ్గర ఇంకో రెండు కుర్చీలు వేయిస్తున్నాను. వైప్స్, గుడ్డలు, షేడ్లు బల్ల మీద ఉన్నాయి. ఇద్దరిద్దరు జంటగా రండి, ఒకరు కూర్చోండి, ఇంకొకరు గుడ్డ పట్టుకోండి. పట్టుకున్నవాళ్లు మొహం చూసి చెప్పాలి. కూర్చున్నవాళ్లు కాసేపు అద్దం అడగకూడదు.